వెలుగుకీ ఓ వాలు

పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుని సెల్‌ఫోన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. కొన్ని ఫోన్ల తెర ఒక కోణం దగ్గర నల్లబడిపోతుంది. ఫోను పాడైందని కంగారు పడకండి! వెలుగు ఒక అల. అది ఊగడానికి ఓ దిక్కుంటుంది. ఎండలో అన్ని దిక్కులా కలగాపులగంగా ఊగే వెలుగు, గాజు మీదో నీటి మీదో ఏటవాలుగా పడి తిరిగొచ్చేసరికి చాలావరకు ఒకే దిక్కుకి అలవాటు పడుతుంది. దీన్నే ధ్రువణం అంటారు. తేనెటీగ ఆకాశంలో ఈ వాలు చూసే దారి పోల్చుకుంటుంది. మన కంటికి మాత్రం ఆనదు.

1808లో పారిస్‌లో మాలూస్ అనే ఆయన, లక్సెంబర్గ్ భవనం కిటికీల మీద మెరిసే సాయంకాలపు ఎండని ఓ స్ఫటికం గుండా చూశాడు. స్ఫటికాన్ని తిప్పుతుంటే జంట బొమ్మల్లో ఒకటి మసకబారింది. 1852లో స్టోక్స్ ఈ సంగతంతా నాలుగు అంకెల్లో ఇమిడ్చాడు.

ఇప్పుడు కంప్యూటర్లు కిరణాల రాకపోకలు లెక్కగట్టి, ఫోటోలా ఉండే బొమ్మలు గీస్తున్నాయి కదా! వాటిలో చాలామటుకు కిరణం ఎంత వెలుగు తెచ్చిందనే అడుగుతాయి, ఎలా ఊగుతూ వచ్చిందని అడగవు. కనబడనిదానికి లెక్కెందుకని వాటి ధీమా. ఒక్క గాజుపలకైతే ఆ ధీమా చెల్లుతుంది కూడా.

రెండు గాజుపలకలు పెట్టండి, అప్పుడుంది తమాషా. నిలువు గీతకి సుమారు 56 డిగ్రీల వాలున కిరణం మొదటి పలక మీద పడి, అదే వాలున రెండోదాన్ని చేరాలి. రెండో పలకని మొదటిదానికి అడ్డంగా తిప్పి ఉంచితే, దాని మీంచి వెలుగు తిరిగి రాదు! వాలు లెక్కించని కంప్యూటరు మాత్రం అక్కడ నిక్షేపంగా ఓ మెరుపు గీసేస్తుంది.

సరిగ్గా గీయాలంటే ఖర్చుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు మోసే కిరణం పన్నెండు మోయాలి. తగిలిన ప్రతిచోటా పదహారు అంకెల పట్టికతో గుణించాలి. పైగా ఏది నిలువో, ఏది అడ్డమో అడుగడుగునా గుర్తుంచుకోవాలి. స్విట్జర్లాండులోని లోజాన్‌లో తయారైన మిట్సుబా 2 ఈ చాకిరీ చేస్తుంది.

నవలలు రాసేదాన్ని కదా, నాకిది కొత్తగా తోచలేదు. పుట్టింట్లో ఏ దెబ్బ తగిలి వచ్చిందో, కొత్తకోడలి చిరునవ్వు చూసి ఎవరూ చెప్పలేరు. అత్తవారింట్లో మరో దెబ్బ అడ్డంగా తగిలిన రోజున ఆ నవ్వు చప్పున ఆరిపోతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందే!" అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. వాళ్లు లెక్కపెట్టింది వెలుగునే మరి!