అకామా ఉన్నన్నాళ్లే...

ఆ ఇంట్లో ఫోన్ శుక్రవారమే మోగుతుంది. కువైట్‌లో సెలవు రోజు అదే కాబట్టి పదకొండేళ్లుగా అదే లెక్క. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఎదురుచూసేది. అలాంటిది 2016 మే నెలలో, ఒక మంగళవారం పొద్దున్నే మోగింది. 'ఏం లేదులే, ఊరకనే చేసినా' అన్నాడతను. ఆమెకు గుండె జారిపోయింది. పనిరోజున ఊరకనే ఫోన్ చేసే మనిషి కాదతను.

ఊరు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకు దగ్గర. గాలి ఇటు తిరిగిందంటే సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. ఆ తీరంలో గల్ఫ్ జీతం మీద లేచిన మిద్దెలు చాలానే ఉన్నాయి. వాటిలో ఇదొకటి.

అతను కువైట్ వెళ్లడానికి కారణం రొయ్య. తొంభైల మొదట్లో తీరమంతా టైగర్ రొయ్యల జోరు. వాళ్ల నాయన కూడా ఉన్న రెండెకరాల వరిచేను గుంతలుగా తవ్వించాడు. మొదటి రెండు పంటలకు ఇంట్లోకి టీవీ వచ్చింది, స్కూటర్ వచ్చింది. 1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చింది. తెల్లారి చూస్తే రొయ్యలు గట్టు పక్కకు చేరి చచ్చి తేలుతున్నాయి. స్కూటర్ పోయింది. అప్పు మిగిలింది. చేను మళ్లీ వరికి పనికిరాకుండా ఉప్పుబారిపోయింది.

కొడుకు నెల్లూరులో ఒక షాపులో వెల్డింగ్ నేర్చుకున్నాడు. 2005లో భార్య మెడలో గొలుసు అమ్మి, మిగతాది వడ్డీకి తెచ్చి, 18వ నెంబరు వీసా కొన్నాడు. ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లది 20వ నెంబరు. కంపెనీ వాళ్లది 18. ఆ తేడా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 'మా అబ్బోడు ఆయిల్ కంపెనీలో ఉండాడు' అని నాయన అరుగు మీద కూర్చుని చెప్పుకునేవాడు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చిన పొరుగాయన ఒకడు మాత్రం, 'ఆయిల్ కంపెనీ అయితే ఏంది, మనం అక్కడ అద్దెకున్నోళ్లమే గదా' అనేవాడు. ఆ మాట ఎవరూ చెవికెక్కించుకోలేదు. అసలు ఆయన కూడా యుద్ధం అయిపోయాక మళ్లీ వెళ్లొచ్చినవాడే.

నిజానికి అతను ఆయిల్ కంపెనీ మనిషి కాదు. పని చేసేది మీనా అబ్దుల్లా రిఫైనరీలోనే. మరమ్మతుల కోసం యూనిట్ ఆపేసే షట్‌డౌన్ రోజుల్లో పగలూ రాత్రీ పైపులు అతికేవాడు. గేటు పాసు మీద ఉండేది ఆయిల్ కంపెనీ బొమ్మే. కానీ బతాకా మీద, అంటే కువైట్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు మీద, ఉండేది వేరే పేరు. ఆయిల్ కంపెనీ ఒక పెద్ద కాంట్రాక్టరుకు పని ఇస్తుంది. ఆయన దాన్ని ముక్కలు చేసి చిన్న కాంట్రాక్టరుకు ఇస్తాడు. ఆ చిన్నాయన మనుషుల్ని తెస్తాడు. అతని అకామా, అంటే ఆ దేశంలో ఉండటానికి అనుమతి, ఆ చిన్నాయన చేతిలో ఉంటుంది. జీతం నెలనెలా వస్తున్నన్నాళ్లూ ఈ నిచ్చెన గురించి అతను పట్టించుకోలేదు.

2014 జూన్‌లో పీపా ముడిచమురు దాదాపు 115 డాలర్లు. 2016 జనవరి వచ్చేసరికి 30 డాలర్ల కిందికి దిగిపోయింది. అమెరికాలో రాతిపొరల్లోంచి తీసే చమురు మార్కెట్‌ను ముంచెత్తింది. సౌదీ, దాని మిత్రదేశాలు ఉత్పత్తి తగ్గించం అన్నాయి. ధర కుప్పకూలింది. ప్రపంచమంతటా చమురు కంపెనీలు మనుషుల్ని తగ్గించుకున్నాయి. అతను పనిచేసే చోట మాత్రం ఎవరినీ తీసేసినట్టే కనిపించలేదు. ఆయిల్ కంపెనీ తన వాళ్లలో ఒక్కరినీ పంపలేదు. ముగిసిన కాంట్రాక్టును మళ్లీ ఇవ్వలేదు, అంతే. పెద్ద కాంట్రాక్టరు చిన్నాయనకు చెప్పాడు. చిన్నాయన మార్చిలో 140 మందికి నోటీసులిచ్చాడు. ఏ పత్రికలోనూ రాలేదది.

ఏప్రిల్ 17న కువైట్ చమురు ఉద్యోగులు సమ్మెకు దిగారు. జీతాలు, సౌకర్యాలు తగ్గించొద్దని మూడు రోజులు పని ఆపేశారు. దేశం మొత్తం చమురు ఉత్పత్తి సగానికి పైగా పడిపోయింది. ప్రపంచమంతా ఆ వార్త చూసింది. క్యాంపులో టీవీ ముందు కూర్చుని అతనూ చూశాడు. పక్కనే ఉన్న తమిళ ఫిట్టర్ నవ్వి, 'వాళ్లు ఆపితే నూనె ఆగుతుంది. మనం ఆపితే మన అన్నమే ఆగుతుంది' అన్నాడట.

ఊళ్లో పని పోవడం వేరు, అక్కడ పోవడం వేరు. ఇక్కడ పని పోయినవాడికి ఇల్లుంటుంది, అరువిచ్చే అంగడి ఉంటుంది, నాలుగు చోట్ల అడుక్కోవడానికి టైము ఉంటుంది. అక్కడ పనీ, నివాసమూ ఒకే కాగితం మీద ఉంటాయి. పని పోతే అకామా పోతుంది. ఇంకో కఫీలు తన పేరు మీదికి మార్చుకుంటే సరే, లేదంటే విమానం ఎక్కాల్సిందే. ధర పడినప్పుడు అందరు కాంట్రాక్టర్లూ ఒకేసారి మనుషుల్ని తగ్గిస్తారు కాబట్టి ఆ ఇంకో కఫీలు దొరకడు. అదే ఏడాది సౌదీలో జీతాలందక, తిండికి కూడా ఇబ్బంది పడుతూ వేలమంది భారతీయులు క్యాంపుల్లో చిక్కుకుపోయారు. మన ప్రభుత్వం ఆహారం పంపింది. కేంద్రమంత్రి వి.కె.సింగ్ ఆగస్టులో స్వయంగా జెడ్డా వెళ్లాల్సి వచ్చింది. వాళ్లతో పోలిస్తే తనది అదృష్టమనే అంటాడతను.

ఆ మంగళవారం ఫోన్‌లో నిజం బయటపడటానికి పది నిమిషాలు పట్టింది.

'ఎప్పుడు తెలిసింది మీకు?'

'మార్చిలోనే నోటీసు ఇచ్చినారు.'

'రెండు నెలలు లోపల్నే పెట్టుకోనుండారా?'

'చెప్తే నువ్వు అన్నం తినవు గదా.'

'చెప్పకపోతే తింటినా? మీ గొంతు విని నాకు తెలస్తానే ఉంది.'

ఆ రెండు నెలల్లో ఆమె మిద్దె మీద ఇంకో గదికి ఇటుక తోలించింది. కూతురిని ఇంజనీరింగ్‌లో చేర్చడానికి ఒక కాలేజీలో మాట్లాడి వచ్చింది. తెలిసుంటే ఇటుక ఆపేదాన్ని కదా అని ఆమె ఇప్పటికీ అంటుంది. నోటీసు కాలం చట్టం ఇచ్చిన గడువు. నెలజీతగాళ్లకు మూడు నెలలు. అందులో రెండు నెలలు అతను మౌనంగా ఖర్చు పెట్టేశాడు.

చివరి లెక్క దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. చిన్నాయన గుమాస్తా 1,100 దీనార్ల కాగితం ముందు పెట్టి, 'సంతకం పెడితే రేపే టికెట్' అన్నాడు. క్యాంపులో ఒక మలయాళీ టైమ్‌కీపర్ ఉండేవాడు. ఆయన సిగరెట్ పెట్టె వెనక లెక్క కట్టి చూపించాడు. కువైట్‌లో 2010లో వచ్చిన ప్రైవేటు రంగ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ నెల జీతం ఇవ్వాలి. రోజు జీతమంటే నెల జీతాన్ని 26తో భాగించాలి. అతని జీతం 180 దీనార్లు. ఐదేళ్లకు 519, మిగతా ఆరేళ్లకు 1,080. మొత్తం దాదాపు 1,600. గుమాస్తా 2005 నుంచి కాకుండా 2008 నుంచి లెక్కపెట్టాడు.

అతని ఇనుప పెట్టెలో మొదటి నెల నుంచి జీతం చీటీలన్నీ ఉన్నాయి. దాచమని ఎవరూ చెప్పలేదు. రొయ్యల కాలంలో మేత అంగడివాడితో నాయన పడ్డ లెక్కల తగాదా చూసి పెరిగినవాడు కాబట్టి కాగితం పారేయడం అతనికి చేతకాదు. పద్దెనిమిది రోజులు సంతకం పెట్టకుండా కూర్చున్నాడు. 1,600 చేతికొచ్చాకే పెట్టాడు. అప్పటి మారకంలో దాదాపు మూడున్నర లక్షల రూపాయలు. పదకొండేళ్లకు అది. గదిలో అతనితో ఉన్న మరో ఇద్దరు మొదటి రోజే సంతకం పెట్టి వెళ్లిపోయారు.

మద్రాసులో దిగి, రైలెక్కి నెల్లూరు చేరాడు. ఊళ్లో మొదటి వారం రోజులు అందరిదీ ఒకటే ప్రశ్న. 'మళ్లా ఎప్పుడు పోతుండావ్?' నాయన మాత్రం ఆ ప్రశ్న అడగలేదు. సాయంత్రం గుంతల గట్టు మీద పక్కన కూర్చుని, 'నా రొయ్య ధర జపానోడు చెప్పినాడు. నీ నూనె ధర ఎవుడు చెప్పినాడో మనకు తెలీను కూడా తెలీదు' అన్నాడు.

మూడు నెలల తర్వాత అతను కృష్ణపట్నం దగ్గర వెల్డింగ్ పనికి కుదిరాడు. 2008లో పోర్టు మొదలయ్యాక, ఆ పక్కనే థర్మల్ కేంద్రాలు వచ్చాక, ఆ తీరంలో పైపు పనికి కొదవ లేదు. ఇక్కడా కాంట్రాక్టరే, ఆ కాంట్రాక్టరు కింద ఇంకో కాంట్రాక్టరే. జీతం అక్కడి దాంట్లో సగం కూడా లేదు. మిద్దె మీద గది గోడల దగ్గరే ఆగిపోయింది. కూతురి చదువు ఆగలేదు. 'తక్కువే. అయినా ఈడ పని పోతే ఊరు ఖాళీ చెయ్యబళ్లే' అంటాడు.

2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడిచమురు ధర సున్నా కంటే కిందికి పోయిందని టీవీలో చెప్పినప్పుడు అతను భోజనం దగ్గర నుంచి లేచి వెళ్లి వీధిలో నిలబడ్డాడు. ఆ వీధిలో ఇద్దరు కువైట్‌లో ఉన్నారు. కరోనా ఒకపక్క, ధర ఒకపక్క. వందే భారత్ విమానాలు మొదలయ్యాక ఆ ఇద్దరూ తిరిగొచ్చేశారు.

ఆ తర్వాత కొన్నేళ్లకు అతని చెల్లెలి కొడుకు కాగితాలు పట్టుకుని వచ్చాడు. 'మామా, ఆయిల్ కంపెనీ వీసా' అన్నాడు. వెళ్లొద్దని అతను అనలేదు. ఆ మిద్దె, కూతురి డిగ్రీ ఎక్కడి నుంచి వచ్చాయో అతనికి తెలుసు. కళ్లజోడు పెట్టుకుని కాగితం ఆసాంతం చదివాడు. కఫీలు పేరు ఎవరిది, ఆయనకు పై కంపెనీతో కాంట్రాక్టు ఎన్నేళ్లు మిగిలుంది, ఈ రెండూ ఏజెంటును అడిగి రమ్మన్నాడు. ప్రవాసీ భారతీయ బీమా ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం కలిగితేనో ఆదుకుంటుంది గానీ పని పోతే పోయిన జీతాన్ని పూడ్చదని చెప్పాడు. మిద్దె లేపే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో వెయ్యమన్నాడు. జీతం చీటీ ఒక్కటి కూడా పారెయ్యొద్దన్నాడు.

కాఫీ తెచ్చిన ఆమె గడప దగ్గరే నిలబడి అంతా వింది.

'ఇంకోటి చెప్పడం మర్చిపోయినారు' అంది భర్తతో. తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది. 'నోటీసు ఇస్తే ఆ రోజే మీ అమ్మకు ఫోన్ చెయ్ నాయనా. శుక్రవారం దాకా ఆగబాక.'