పాట ఆగొద్దు, తీగ కాలొద్దు

ఏప్రిల్ 14 దగ్గరపడ్డది. తుంగతుర్తి, తిరుమలగిరి, అర్వపల్లి దిక్కు మన వాడలల్ల బండ్లకు డెక్కులు, యాంప్లిఫయర్లు, వూఫర్లు బిగించుడు మొదలైంది. పోయినసారి పాఠ్యపుస్తకాల గురించి రాసిన. ఈసారి వైరింగ్ గురించి రాస్తున్న. తెలుగుల పీహెచ్‌డీ చేసినోనికి బ్యాటరీతో ఏం పని అని అడిగేటోళ్లుంటరు. డిగ్రీ సెలవులల్ల సూర్యాపేటల ఆటో ఎలక్ట్రీషియన్ షాపుల పని చేసిన. ఫీజులు కట్టింది ఆ పనే.

మొన్న ఒక తమ్ముడు బండి బానెట్ ఎత్తి చూపించిండు. బ్యాటరీ ప్లస్ టర్మినల్‌కు సన్న తీగ చుట్టి, సీటు కిందికెళ్లి వెనకున్న యాంప్లిఫయర్‌కు గుంజిండ్రు. నడుమ ఫ్యూజు లేదు. "12 వోల్టులే గదన్నా, షాక్ కొట్టదు" అన్నడు. నిజమే, కొట్టదు. కానీ కాలుస్తది. స్టార్టర్ తిప్పేటప్పుడు వందల ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ అది. ప్లస్ తీగ మీద తొడుగు చినిగి బాడీకి తగిలితే ఆ కరెంటంత ఒక్కసారి ఆ తీగల నుంచే పోతది. నిమిషం పట్టదు, సీటు అంటుకుంటది. ఆ బండి మీద నీలి జెండాలు పట్టుకుని నిలబడేది మన పిల్లలే.

అందుకే మొదటి మాట ఫ్యూజు. ఫ్యూజు ఉన్నది యాంప్లిఫయర్‌ను కాపాడనీకి అనుకుంటరు. కాదు, తీగను కాపాడనీకి. యాంప్లిఫయర్‌కు దాని ఫ్యూజు దానికే ఉంటది. కానీ బ్యాటరీ నుంచి దాని దాకా ఉన్న తీగకు దిక్కెవరు? కాబట్టి ఫ్యూజు బ్యాటరీ దగ్గర్నే ఉండాలె. జానెడు దూరంల అయితే మంచిది, మూరెడు దాటొద్దు. వెనక డిక్కీల పెట్టిన ఫ్యూజు ముందున్న తీగను కాపాడలేదు. ఫ్యూజు పోతే దాని జాగల రాగి తీగ చుట్టుడు ఇంకా ప్రమాదం. ఫ్యూజు పోయిందంటే ఎక్కడనో తప్పున్నదని చెప్తున్నట్టు. ముందుగాల ఆ తప్పు ఎక్కడున్నదో వెతకాలె.

రెండోది తీగ మందం. లెక్క చూడుండ్రి. అయిదు మీటర్ల రాగి తీగ, దాంట్ల 30 ఆంపియర్ల కరెంటు అనుకుందాం. 1.5 స్క్వేర్ ఎంఎం తీగ అయితే దారిలనే 1.7 వోల్టులు పోతయి, 51 వాట్ల వేడి పుడుతది. టంకం పెట్టే 25 వాట్ల ఇనుము రెండు సీటు కింద పెట్టి మరిచిపోయినట్టు. అదే 6 స్క్వేర్ ఎంఎం తీగ అయితే అర వోల్టు కూడ పోదు, వేడి 13 వాట్లే, అదీ అయిదు మీటర్ల పొడుగునా పంచుకుంటది. యాంప్లిఫయర్ మీద 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే 6 స్క్వేర్ ఎంఎం అసలు రాగి తీగ, బ్యాటరీ దగ్గర 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకోవాలె. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే తీగ అగ్గువకు దొరుకుతది, కానీ అంతే మందంల అంత కరెంటు మొయ్యదు. ఒక్క డెక్కు మాత్రమే అయితే 2.5 తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతది.

పని మొదలుపెట్టేముందు మైనస్ టర్మినల్ ముందుగాల ఊడదియ్యాలె, ఆఖరికి బిగియ్యాలె. మైనస్ ఉండంగ ప్లస్ విప్పితే, పానా బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తది, దాని దగ్గర రవ్వ లేవొద్దు. చేతి ఉంగరం, కడియం తీసెయ్యుండ్రి.

డెక్కు వెనక పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎర్రది తాళం తిప్పితే వచ్చేది, నల్లది ఎర్త్. చాలామంది పసుపు, ఎర్ర రెండూ కలిపి బ్యాటరీకి కడతరు. డెక్కు బంద్ చేసుడు మరిస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. యాంప్లిఫయర్‌కు పోయే నీలి తీగ డెక్కు నుంచే రావాలె, బ్యాటరీ నుంచి కాదు. ఎర్త్ బిగించేకాడ పెయింట్ గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు పెట్టాలె. ఇంజన్ నుంచి లోపలికి తీగ దూరే రంధ్రానికి రబ్బరు వాషర్ పెట్టాలె. తొడుగు చినిగేది ఎక్కువ అక్కడనే.

మన ఊరేగింపు బండి పెండ్లి బండి లెక్క ఉరకదు, నడుస్తది. ఇంజన్ మెల్లగ తిరిగినప్పుడు ఆల్టర్నేటర్ పూర్తి కరెంటు ఇయ్యదు. పాట బ్యాటరీని తింటది. మల్టీమీటర్ పెట్టి చూడుండ్రి. ఇంజన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 దాకా ఉండాలె. 12.5 కిందికి దిగితే సౌండ్ తగ్గించాలె. లేకుంటే ఊరు నడిమిట్ల బండి ఆగుతది. ఆ జాగల మన బండి ఆగుడంటే ఏందో మీకు చెప్పాల్సిన పనిలేదు.

ఈ దేశంల పాట మోగుడు ఉత్త ముచ్చట కాదు. 2015 మేల షిరిడీల ఒక దళిత నర్సింగ్ విద్యార్థిని, ఫోన్‌ల అంబేడ్కర్ పాట మోగిందని కొట్టి చంపిండ్రు. మన తాతలు డప్పు కొట్టిండ్రు, దండోరా ఏసిండ్రు. చెయ్యి మనది, చాటింపు దొరది. 1994ల ఆ దండోరా మాటే మాదిగల ఉద్యమానికి పేరైంది. ఇయ్యాల ఏ పాట పెట్టాలె, ఏ గల్లీల పెట్టాలె అన్నది మనం తేల్చుకుంటున్నం. అంత దూరం నుంచి వచ్చిన పాట పది రూపాయల ఫ్యూజు లేక ఆగొద్దు.

ఇంకొక సంగతి. 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌ల కార్మిక సభ్యుడు. ఈ దేశపు కరెంటు విధానం ఆయన చేతుల మీదుగ సాగింది. అగ్గువకు, సమృద్ధిగ కరెంటు లేకుంటే పరిశ్రమలు రావు, అవి రాకుంటే పేదరికం పోదు అన్నది ఆయన వాదం. జయంతి నాడు ఆయన రాజ్యాంగం గురించి మాట్లాడుకుంటం, ఈ ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు. మన పిల్లలు ఐటీఐ చదివి, పానా పట్టి నేర్చుకున్న విద్యను "చేతిపనే గదా" అని మనమే తక్కువ చేస్తున్నం. ఆంపియర్ల లెక్క తెలిసినోడు నాకు ఛందస్సు తెలిసినోని కంటే తక్కువ కాదు. మీ వాడల అసొంటి తమ్ముడు ఉంటే వైరింగ్ ఆయనకే అప్పజెప్పుండ్రి. కూలి పూర్తిగ ఇయ్యుండ్రి, జై భీమ్ చెప్పి చేతులు దులుపుకోవద్దు.

13 నాటి సాయంత్రం బండిని అరగంట ఫుల్ సౌండ్‌ల నడిపి, తీగను, ఫ్యూజు డబ్బను చేత్తోని తాకి చూడుండ్రి. గోరువెచ్చగ ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత ఉంటే ఆ రాత్రే తీగ మార్చుండ్రి. రాత్రి పది దాటితే సౌండ్ బంద్ చెయ్యుండ్రి, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నయి, మన మీద కేసు పెట్టనీకి కారణం వెతికేటోళ్లు ఉన్నరు.

మీ బండి ఫ్యూజు ఫోటోలు కామెంట్ల పెట్టుండ్రి. చూసి చెప్త.

జై భీమ్.