తీవ్రతను నిర్ణయించు వివేకము

క్లౌడ్‌లో నడచు అప్లికేషన్ తాను చేయు పనులను లాగ్ రూపమున వ్రాసికొనుచుండును. అట్టి అప్లికేషన్లను సంరక్షించుట నా జీవనోపాధి. వేదాంత విచారము నా సాధన. ఈ రెండింటికిని సంబంధమేమని మిత్రులు అడుగుదురు. లాగ్ తీవ్రతాస్థాయిని నిర్ణయించుట వివేకమునకు నిత్యాభ్యాసమని నా అనుభవము.

అజ్యూర్ యాప్ సర్వీస్‌ను ఉదాహరణముగా గ్రహింతము. అందు ఎర్రర్, వార్నింగ్, ఇన్ఫర్మేషన్, వెర్బోస్ అను నాలుగు స్థాయిలు కలవు. ఎర్రర్‌ను ఎంచుకొనినచో దోషములు, అంతకంటె ఘోరమైన క్రిటికల్ సందేశములు మాత్రమే నిలుచును. వార్నింగ్‌ను ఎంచుకొనినచో వానితో హెచ్చరికలును చేరును. వెర్బోస్ సర్వమును గ్రహించును.

సర్వమును వ్రాయించినచో మేలు కదా యని శంక. కాదు. నిల్వకు వ్యయము పెరుగును; ముఖ్యమైన పలుకు వేల పలుకుల నడుమ మరుగుపడును. ఫైల్ సిస్టమ్‌లో లాగ్ వ్రాయించు సౌకర్యము తాత్కాలిక శోధనకే ఏర్పడినది గనుక 12 గంటలకు తనంత తానే ఆగిపోవును. ఆత్మపరీక్షకును ఇట్టి అవధి అవసరము. అహోరాత్రములు తన లోపములనే తవ్వుకొనువానికి జపము సాగదు.

అట్లయిన ఎర్రర్ ఒక్కటి చాలును కదా యని రెండవ శంక. నేనెరిగిన ఒక సంస్థ అన్నదాన విరాళములను అప్లికేషన్ ద్వారా స్వీకరించెడిది. వ్యయము తగ్గించుటకై వారు ఎర్రర్ స్థాయినే ఉంచిరి. డేటాబేస్ తొలి పిలుపునకు పలుకక, మూడవ పిలుపునకు పలుకుచుండెను. తుదకు పని నెరవేరుచున్నందున ప్రోగ్రామ్ దానిని వార్నింగ్‌గా పలికెను. ఆ పలుకులేవియు నిలువలేదు. ఒక కార్తిక సోమవారమున మూడవ పిలుపునకును సమాధానము రాలేదు. దాతల ఖాతాలలో ధనము తరిగెను, రసీదులు అందలేదు. "మా వారి తిథికి అన్నము పెట్టినట్టేనా నాయనా?" అని ఒక వృద్ధురాలు ఫోనులో అడిగినది. సహాయమునకై వెళ్లిన నాకు లాగ్‌లో ఒక్క ఎర్రర్ కనబడినదే గాని, వ్యాధి ఎన్నడు మొదలైనదో తెలుపు జాడ లేదు. స్థాయిని అప్పుడు మార్చినను, వ్రాయబడని గతము తిరిగి రాదు. బ్యాంకు పట్టికలతో ఒక్కొక్క పేరును సరిచూచి ఆమెకు ఉత్తరమిచ్చుటకు మూడు దినములు పట్టెను.

ఇందు రెండు ధర్మములు కలవు. సందేశమునకు తీవ్రతను నిర్ణయించువాడు ప్రోగ్రామ్ వ్రాసినవాడు. ఏ తీవ్రత నుండి వినవలెనో నిర్ణయించువాడు సంరక్షకుడు. మొదటివానికి సత్యము, రెండవవానికి వివేకము ధర్మము. రాత్రి ఎవరును మేల్కొనవలసిన పని పడరాదని దోషమునకు ఇన్ఫర్మేషన్ అని పేరు పెట్టుట అసత్యమే. వినదగినదానిని ఎంచుకొని తక్కినదానిని విడుచుట ఉపరతి వంటిది.

మన అంతఃకరణమున ఈ రెండు పనులను చేయువారము మనమే. ఎవరో ఆడిన పరుషవాక్యమునకు క్రిటికల్ అని ముద్ర వేసి నిద్ర మానుదుము. సంధ్యావందనము తప్పిన దినమును, తల్లిపై విసుగుకొనిన క్షణమును ఇన్ఫర్మేషన్‌గా త్రోసివేయుదుము.

నిత్యవ్యవహారమున నేను వార్నింగ్ స్థాయిని ఉంచుదును. కారణమును వెదకునపుడు కొంతసేపు వెర్బోస్‌కు మార్చి, పని ముగియగానే మరల యథాస్థితికి తెత్తును. సాధకులారా, ఈ రాత్రి శయనించుటకు ముందు నేటి హెచ్చరికలను ఒక్కమారు స్మరింపుడు. దోషముగా పరిణమింపకమునుపే వానిని సరిదిద్దుకొనుట సులభము.