ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలిగా!

మీ ఇంట్లో ఎప్పుడూ ఆపకూడని వస్తువు ఏదని అడిగితే ఏం చెబుతారు? ఫ్రిజ్ అంటారు. నిన్నమొన్నటిదాకా నేనూ అదే అనేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో అలాంటివి రెండున్నాయి. ఒకటి ఫ్రిజ్. రెండోది హాల్లో టీవీ బల్ల కింది అరలో మూత వేసి పెట్టిన పాత లాప్‌టాప్. ‘దయచేసి ఆపవద్దు’ అని దాని మీద చీటీ అంటించింది నేనే. ఆ చీటీ వెనక నా తప్పు ఒకటుంది. మీతో చెప్పుకుంటే కాస్త బరువు దిగుతుందేమోనని రాస్తున్నాను.

మేముండేది తెనాలి. మా అమ్మాయి హైదరాబాదులో ఇంజినీరింగు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. రెండో సంవత్సరం సెలవలకి వచ్చినప్పుడు, మావారు ఎవరి దగ్గరో మూడు వేలకి కొన్న పాత కంప్యూటరులో ఉన్నవన్నీ తీసేసి లినక్స్ వేసింది. ‘అమ్మా, దీన్ని సర్వర్ చేశాను’ అంది. ‘సరేలే, దుమ్ము తుడవచ్చా, ముట్టుకోకూడదా?’ అన్నాను. దాని గురించి మా ఇద్దరి మధ్యా జరిగిన మాటలు అంతే! అది హాస్టలుకి వెళ్లిపోయింది, ఆ పెట్టె మాత్రం మూల కూచుని రాత్రీ పగలూ గుర్రుమంటూ ఉండేది.

మే నెలలో మా వైపు గాలివానలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. ఆ రోజు రేపల్లెలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి బయల్దేరుతున్నాం. ఆకాశం నల్లబడింది, ఉరుములు మొదలయ్యాయి. టీవీ ప్లగ్గు పీకాను, మిక్సీ ప్లగ్గు పీకాను, నెట్ బాక్సు పీకాను, ఆ పెట్టెదీ పీకాను. గ్యాసు కట్టేసి తాళం వేశాను. ఇల్లాలిగా ఎంత జాగ్రత్తపరురాలినో అని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. మూడు రోజులు పెళ్లిలో ఉన్నాం.

తిరిగొచ్చిన మర్నాడు అమ్మాయి ఫోను చేసింది. ‘అమ్మా, కంప్యూటరు ఆపావా?’ అంది. ‘అవునే, ఉరుములు కదా’ అన్నాను. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. ఏదో సాఫ్ట్‌వేరు బృందంలో చేరి నేర్చుకుంటూ పనిచేసే అవకాశం కోసం అది రెండు నెలలుగా ప్రయత్నిస్తోందిట. ఆ బృందం పెద్దాయన అమెరికాలో ఉంటాడు. వాళ్లంతా కలిసి మాట్లాడుకునే చోట దాని పేరు పిలిచి, నువ్వు ఈ పని చేయగలవా అని అడిగాడుట. జవాబు లేదు. మర్నాడు మళ్లీ అడిగాడుట. లేదు. మూడో రోజు ఇంకొకళ్లకి ఇచ్చేశారు. ఇదంతా దానికి నాలుగో రోజున పక్కవాళ్లు చెబితే తెలిసింది.

‘పోనీలేమ్మా, నీ తప్పేముంది? నీకు చెప్పలేదుగా’ అంది. ‘చెప్పి ఉండొచ్చుగా తల్లీ!’ అన్నాను. ‘నీకు అర్థం కాదనుకున్నా’ అంది.

తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లి పప్పు తాలింపు మాడ్చేశాను. ఇంటరు పాసయి 1998లో అత్తారింటికి వచ్చినదాన్ని. కరెంటు బిల్లు కట్టడం దగ్గర్నుంచి అత్తగారి ఇన్సులిన్ ఏ వేళకి ఎన్ని యూనిట్లో దాకా ఈ ఇంట్లో నాకు తెలియకుండా ఏదీ జరగదు. నా హాల్లో, నేను రోజూ తుడిచే పెట్టె మాత్రం నాకు అర్థం కాదుట! మూడు రోజులు ఆలోచించి, ఆదివారం అదే ఫోను చేసినప్పుడు అన్నాను: ‘అదేమిటో మొదటినుంచీ చెప్పు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పు.’

అది చెప్పింది, నేను పాత డైరీలో రాసుకున్నాను. మీకూ నా మాటల్లోనే చెబుతాను.

వాళ్లు మాట్లాడుకునే పద్ధతి పేరు ఐ.ఆర్.సి. 1988లో ఫిన్లాండు దేశంలో ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే ఆయన తయారుచేశాడు. లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌ది కూడా ఫిన్లాండే, ఆయన మొదలుపెట్టింది 1991లో. ఆ చలిదేశంలో బయటికి వెళ్లలేక ఇలాంటివి కనిపెడతారు కాబోలు! ఈ ఐ.ఆర్.సి.లో గదుల్లాంటివి ఉంటాయి. ఒక్కో విషయానికి ఒక్కో గది. లోపలికెళ్లి ఎవరు మాట్లాడినా అందరికీ కనిపిస్తుంది. ఉచితంగా అందరికీ ఇచ్చే సాఫ్ట్‌వేరు రాసేవాళ్లు ఇప్పటికీ చాలామంది అక్కడే కలుస్తారు.

అయితే దీంట్లో ఒక తిరకాసుంది. మన వాట్సాప్‌లో ఫోను ఆపేసి ఉన్నా, మళ్లీ పెట్టగానే వచ్చినవన్నీ గలగలా వచ్చి పడతాయి కదా? ఐ.ఆర్.సి.లో అలా కాదు. మామూలుగా అది మాటల్ని దాచదు. గదిలో ఉన్నవాళ్లే వింటారు. మీరు లేనప్పుడు మీ పేరు పిలిచి మాట్లాడినా ఆ మాట గాల్లో కలిసినట్టే. గుమ్మం ముందు కేకేసి, ఎవరూ పలక్కపోతే వెళ్లిపోయే కూరగాయల బండి అనుకోండి.

మరి మా అమ్మాయి హాస్టల్లో రాత్రి పదకొండుకల్లా నెట్ కట్టేస్తారు. అమెరికావాళ్లకి అప్పుడు మధ్యాహ్నం. సరిగ్గా వాళ్లు మాట్లాడే వేళకి ఇది ఉండదన్నమాట. అంచేత ఇంట్లో ఆ పెట్టెను పెట్టింది. దాంట్లో జెడ్ఎన్‌సీ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఇలాంటివాటిని బౌన్సర్ అంటారు. మా అమ్మాయి పేరుతో అది ఇరవైనాలుగు గంటలూ ఆ గదిలో కూచుని, వచ్చిన ప్రతి మాటా దాచిపెడుతుంది. పొద్దున్నే అమ్మాయి ఫోనులోంచి ఇంటి పెట్టెకి కలిపితే, ‘నువ్వు లేనప్పుడు వీళ్లిలా అన్నారు’ అని వరసగా అప్పజెబుతుంది.

ఇది విన్నాక నేను చాలాసేపు నవ్వుకున్నాను. పాలవాడొచ్చి వెళ్లాడు, గ్యాసువాడు రేపొస్తానన్నాడు, మీ స్నేహితుడు ఫోను చేశాడు... ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న ఉద్యోగానికి ఇంత పేరుందని తెలియదు చూశారూ!

అర్థం కావడం వేరు, చేయడం వేరు. ఆగస్టులో వోల్టేజీ ఎగిరిపడి ఆ పాత కంప్యూటరు కాస్తా కాలిపోయింది. అమ్మాయికి పరీక్షలు, రావడానికి లేదు. ‘దసరాకొచ్చి చేస్తాలే’ అంది. ‘అప్పటిదాకా ఇంట్లో ఎవరూ లేనట్టేగా? నువ్వు ఫోనులో చెప్పు, నేను చేస్తాను’ అన్నాను. మావారు పేపరు దించి నాకేసి చూసి మళ్లీ ఎత్తారు.

మా తమ్ముడు పక్కన పడేసిన లాప్‌టాప్ తెప్పించాను. అమ్మాయి వదిలి వెళ్లిన పెన్‌డ్రైవు పెట్టి డెబియన్ అనే లినక్స్ ఎక్కించాను. దీన్ని 1993లో మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ అనే ఆయన అప్పట్లో తన స్నేహితురాలైన డెబ్రా పేరూ తన పేరూ కలిపి డెబియన్ అని పెట్టాడుట. ఆ మాట మావారికి చెప్పి, మీరేం పెట్టారు నా పేరున అన్నాను. ‘స్కూటరు కొన్నానుగా’ అన్నారు.

మేము వేసిన లినక్స్‌లో బొమ్మల మీద నొక్కడం ఉండదు (మా అమ్మాయి వద్దంది), నల్లటి తెర మీద అక్షరాలు టైపు చేయాలి. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జెడ్ఎన్‌సీ’ అని కొట్టగానే పాస్‌వర్డు అడిగింది. కొడుతున్నాను, తెర మీద ఒక్క అక్షరమూ పడదు! చుక్క కూడా పడదు. కీబోర్డు పోయిందనుకుని గట్టిగా మొత్తాను. తీరా అది కనపడకుండానే తీసుకుంటుందిట, పక్కవాళ్లు అక్షరాలు లెక్కపెట్టకుండా! మీరెవరైనా చేస్తే కంగారు పడకండి.

తర్వాత ‘జెడ్ఎన్‌సీ’ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, రెండు అడ్డగీతలు, ‘మేక్‌కాన్ఫ్’ అని కొడితే, పెళ్లిచూపుల్లో అడిగినట్టు ఒక్కొక్క ప్రశ్నా అడుగుతుంది. ఏ పోర్టు? అంటే ఏ గుమ్మంలోంచి రావాలి అని. 1025 నుంచి 65534 దాకా ఏ అంకె అయినా ఇవ్వచ్చు. మాటలకి తాళం వేసి పంపాలా, అంటే ఎస్సెస్సెల్ కావాలా? కావాలి. పేరేమిటి, పాస్‌వర్డేమిటి, ఆ పేరు ఇంకెవరైనా వాడుతుంటే మారుపేరేమిటి? ఏ ఊరి సర్వరుకి వెళ్లాలి? అమ్మాయి గది ఉన్నది లిబెరా చాట్‌లో. అంతకుముందు వాళ్లంతా ఫ్రీనోడ్ అనే చోట ఉండేవారుట. 2021 మే నెలలో అక్కడ యాజమాన్యం గొడవలొచ్చి, నడిపేవాళ్లే బయటికొచ్చి లిబెరా పెట్టుకున్నారు. అద్దె ఇల్లు మారినట్టు చాలా గదులు కట్టగట్టుకుని వచ్చేశాయి. అక్కడి గుమ్మం నంబరు 6697. ఇదంతా డైరీలో చూసి కొట్టాను. రాత్రి పదింటికి, ‘అమ్మా, గదిలో నా పేరు కనిపిస్తోంది!’ అని అది కేక పెట్టింది.

ఆ సంతోషంలో లాప్‌టాప్ మూత వేసి పడుకున్నాను. అన్నం గిన్నె మీద మూత వేయడం మన అలవాటు కదా! మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుందిట. తెల్లారేసరికి గదిలో అమ్మాయి పేరు లేదు. మూత వేసినా మేలుకునే ఉండాలని ఒక ఫైల్లో ‘హ్యాండిల్ లిడ్ స్విచ్’ అనే వరస దగ్గర ‘ఇగ్నోర్’ అని రాశాక గానీ ఆ జబ్బు కుదరలేదు.

అంతలో ఇంకోటి. ఇంట్లో నా ఫోనులోంచి కలిపితే బాగానే కలుస్తోంది, హాస్టల్లోంచి కలవదు. రెండు రోజులు పట్టింది కారణం తెలియడానికి. బయటినుంచి వచ్చేవాళ్లని ఏ మిషను దగ్గరికి పంపాలో నెట్ బాక్సులో రాసి ఉంటుంది. అది ఇంకా కాలిపోయిన కంప్యూటరు అడ్రసుకే పంపుతోంది, పాపం! ఇల్లు మారినా ఉత్తరాలు పాత ఇంటికే వెళ్లినట్టు. అది మార్చాను. మా ఇంటి నెట్ అడ్రసు రోజూ మారిపోకుండా నెలకి కొంత ఎక్కువ కడుతున్నాం, ఆ ఏర్పాటు అమ్మాయి ముందే చేసి ఉంచింది. బయటికి తెరిచిన గుమ్మం కదా, పాస్‌వర్డు మాత్రం పొడుగ్గా పెట్టాను. ఏమిటో చెప్పను, మా అమ్మమ్మ సామెత ఒకటి.

మొదటి వారం యాభై వరసలే దాచేది. గది జోరుగా ఉన్న రోజున పాత మాటలు పడిపోయేవి. అయిదువందలు చేశాను. కరెంటు పోయి వస్తే మిషను లేచేది గానీ జెడ్ఎన్‌సీ లేచేది కాదు. ‘క్రాన్‌ట్యాబ్’ అనే పట్టికలో, మిషను లేవగానే దీన్నీ లేపమని ఒక వరస రాశాను. ఇక ప్లగ్గు ఇన్వర్టరు లైన్లో పెట్టించాను, నెట్ బాక్సుది కూడా. బాక్సు ఆగిపోతే లాప్‌టాప్ ఒక్కటీ మేలుకుని ఏం లాభం?

కరెంటు సంగతి మావారు అడగనే అడిగారు. లెక్క వేసి చూపించాను. పాత కంప్యూటరు అరవై వాట్లు అనుకుంటే నెలకి నలభైమూడు యూనిట్లు. ఈ లాప్‌టాప్ తెర ఆర్పి ఉంచితే పదిహేను వాట్లు, నెలకి పదకొండు యూనిట్లు. ‘కాలిపోయి మంచి పనే చేసింది’ అన్నారు. ఆ మాట అమ్మాయితో అనొద్దన్నాను.

ఉరుములొస్తే ఏం చేస్తావని మీరడగవచ్చు. ఇప్పటికీ పీకేస్తాను. పిడుగుపాటుకి లాప్‌టాప్ కాలితే మళ్లీ మొదటికొస్తుంది. కానీ ముందు అమ్మాయికి ఒక్క ముక్క పెడతాను, ‘ఆపుతున్నా, నువ్వు చూసుకో’ అని. అది ఫోను డేటాతో నేరుగా గదిలోకి వెళ్లి కూచుంటుంది. వాన తగ్గాక నేను మళ్లీ పెడతాను. ఆ మే నెలలో ఇంతపాటి మాట మా మధ్య ఉండి ఉంటే అనిపిస్తుంది. అనిపించి ఏం లాభం, పోయింది పోయిందే. ఆ అవకాశం మళ్లీ వెనక్కి రాలేదు.

ఈ ఏడు అది ఇంకో బృందానికి రాసింది. జవాబు ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో తెలియదు. మొన్న రాత్రి పన్నెండు దాటాక కరెంటు పోయింది. ఫ్యాను ఆగి మెలకువ వచ్చింది. ఇన్వర్టరు కాస్త మొరాయిస్తోంది ఈమధ్య. మావారు నిద్రలోనే ‘ఎక్కడికి?’ అన్నారు. ‘ఎక్కడికీ లేదు, పడుకోండి’ అని చీకట్లో తడుముకుంటూ హాల్లోకి వెళ్లి వంగి చూశాను. పచ్చ దీపం వెలుగుతోంది. నెట్ బాక్సుదీ వెలుగుతోంది.