ఆవకాయ జాడీల్లో లారీ బోల్టులు

వంటల పేజీ పక్కన ఇంజను గొడవేమిటి ఈవిడకి, అనుకుంటున్నారా? అనుకోండి! 1998 వేసవి దాకా నేనూ మీలాగే అనుకునేదాన్ని. బండి సంగతి మావారిది, పొయ్యి సంగతి నాది. అంతే.

మాది నూజివీడు దగ్గర పల్లె. మావారికి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న టాటా 407 ఉండేది. మామిడికాయల సీజన్లో అది తిరిగితేనే ఏడాదంతా మా తిండీ, పిల్లల ఫీజులూ, ఫైనాన్సు వాయిదాలూ. సరిగ్గా సీజను ముందు, మార్చి నెలాఖర్లో, దారిలో రేడియేటరు గొట్టం పగిలింది. “ఇంకెంత దూరంలే” అని నీళ్లు లేకుండానే ఇంటిదాకా తోలుకొచ్చేశారు. వచ్చీరాగానే గొట్టానికి గుడ్డ చుట్టి, కాగిపోతున్న ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించారు. కాగిన గాజుగ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? తప్పు బండిది కాదు, మాదే.

మర్నాడు ఆయిలు చూసే పుల్ల పైకి తీస్తే, నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలెక్కువైన కాఫీలా ఉంది. ఆయిల్లో నీళ్లు కలిశాయన్నమాట. హెడ్డు గ్యాస్కెట్ పోయినా అలాగే అవుతుంది, దానికైతే ఖర్చు తక్కువ. మా ఖర్మకి బ్లాకే చిట్లింది.

మావారు పెళ్లికి ముందు బెజవాడ ఆటోనగర్లో నాలుగేళ్లు పని నేర్చుకున్నారు. “పాత ఇంజనొకటి కొని మన పెరట్లోనే మార్చేస్తాను, కూలీ మిగులుతుంది” అన్నారు. ఎవరో బ్రోకరు చవగ్గా ఉందని కబురు పెట్టాడు. మావారు నా చేతులకేసి చూశారు. నాలుగు గాజులున్నాయి. “రెండు చాలే” అన్నారు.

ఇస్తాను గానీ, నేనూ వచ్చి చూస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. చీర కొన్నా అంచు తిరగేసి చూస్తాం కదా, ఆ అలవాటే అయ్యుంటుంది. ఇంటి దగ్గరే ఆర్.సి. పుస్తకం తీసి మన ఇంజను నంబరు చదువుకుని వెళ్లాను. అక్కడి ఇంజను మీద జిడ్డు తుడిచి చూస్తే నంబరుండాల్సిన చోట ఆకురాయితో రాకేసి, నున్నగా మెరుస్తోంది.

“ఈ అంకెలేవయ్యా?” అన్నాను.

“అంకెల్తో బండి నడుస్తుందా అమ్మా?” అని నవ్వాడు.

నా గాజులు నా చేతికే ఉంచుకుని వచ్చేశాను. చెప్పొద్దూ, ఆ రాత్రి మావారు అన్నం తిన్లేదు. మూడు రోజులు మాట్లాడలేదు. ఒక రోజు పోతే ఒక లోడు పోయినట్టే, నాకు మాత్రం తెలీదూ? నేనే మా కొంప ముంచుతున్నానేమోనని పడుకుని ఏడ్చాను కూడా.

నాలుగో రోజు ఆయనే “పద” అన్నారు. ఆటోనగరంతా తిరిగాం. ఒకాయన “పెద్ద ఇంజను వేసుకోండి, లాగుడుంటుంది” అన్నాడు. మాది 2956 సి.సి.ది, అతను చూపించింది 3783 సి.సి.ది. రెండింటికీ నాలుగేసి సిలిండర్లే, వెడల్పూ 97 మిల్లీమీటర్లే. పిస్టన్ కదిలే ఎత్తు మాత్రం ఒకదానికి 100, రెండోదానికి 128. పెద్దది వెయ్యాలంటే మౌంటింగులు, రేడియేటరు అన్నీ మార్చాలని మావారు లెక్క చెప్పారు. చిన్న కుక్కరుకి పెద్ద కుక్కరు మూత పడుతుందా మరి? తుక్కుకిచ్చిన బండిలోంచి తీసిన మా రకం ఇంజనే, బిల్లూ కాగితాలతో సహా తీసుకున్నాం. రెండు గాజులు కాదు, నాలుగూ బ్యాంకులో పెట్టాల్సొచ్చింది.

ఇక మా పెరడు చూడాలి! బలమైన దుంగలు మూడు పాతి చైన్‌బ్లాకు వేలాడదీశారు. ముందు బ్యాటరీ వైరు, తర్వాత నీళ్లు, ఆయిలు, రేడియేటరు, చివరికి ఇంజను. విప్పిన బోల్టులు ఎక్కడివక్కడ గుట్టపోస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఖాళీ ఆవకాయ జాడీలూ హార్లిక్స్ సీసాలూ తెచ్చి, “గేర్‌బాక్సువి”, “సైలెన్సరువి” అని చీటీలంటించి సర్దాను. డీజిల్ పైపుల మూతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టాను, ఇసుక రేణువు పోయినా పంపుకి చేటు. ఇంజను గొలుసుకి వేలాడుతున్నంతసేపూ పిల్లల్ని మా అత్తగారి దగ్గరే ఉంచాను. దాని కిందకి ఎవర్నీ వెళ్లనివ్వలేదు.

బిగించడం అయ్యాక స్టార్ట్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు! నా గుండె జారిపోయింది. డీజిల్ పైపుల్లో గాలి ఉంటే అంతేనట. ఫిల్టరు మీది స్క్రూ కొంచెం వదులు చేసి, “చేతిపంపు కొట్టవే” అన్నారు మావారు. నురుగు నురుగుగా వచ్చి, బుడగల్లేకుండా డీజిల్ కారాక స్క్రూ బిగించారు. ఈసారి తెల్లపొగ కక్కుతూ లేచింది. కాసేపటికి పొగ పల్చబడింది. తెల్లపొగ ఆగకపోతే నీళ్లో, కాలని డీజిలో, నీలంపొగైతే ఆయిలు కాలుతోందని, నల్లపొగైతే గాలి చాలడంలేదనీ ఆరోజే నేర్చుకున్నాను.

బండి లేచిందని లోడుకి పరిగెత్తబోతే మళ్లీ నేనే అడ్డం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఇంజను మారిస్తే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, ఆర్.సి.లో ఎక్కాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి బండి చూపించి, కొత్త నంబరు రాయించాకే మొదటి లోడు ఎత్తాం. అప్పటికి సగం సీజను పోయింది. మావారి సణుగుడు మాత్రం పోలేదు.

మరుసటేడు, 1999లో, వానరాత్రి మా బండి కల్వర్టు గోడని గుద్దుకుంది. క్లీనరు కుర్రాడి కాలు విరిగింది. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి మొట్టమొదట చేసిన పనేమిటో తెలుసా? గుడ్డతో జిడ్డు తుడిచి, ఇంజను నంబరు ఆర్.సి.తో పోల్చి చూశాడు. మావారు నాకేసి చూశారు. ఏమీ అన్లేదు. ఆ రాత్రి మాత్రం తన చేత్తోనే నాకు కంచం పెట్టారు.

గాజులంటారా? రెండు విడిపించాం. మిగిలిన రెండూ అమ్మాయి చదువులో కలిసిపోయాయి. బాధ లేదు.

మీ ఇంట్లో లారీ ఉండకపోవచ్చు, స్కూటరో కారో ఉంటుందిగా. ఈసారి పాత బండి కొంటున్నారంటే “నాకేం తెలుసు” అనకండి. ఓ గుడ్డముక్క, ఆర్.సి. పుచ్చుకుని మీరూ వెళ్లండి. జిడ్డు తుడిచి అంకెలు చదవడానికి మెకానిక్కే కానక్కర్లేదు. బియ్యంలో రాళ్లేరే మన కళ్లు చాలవూ?