సీసాకు అంటే సీసం

జులై 3, విశాఖపట్నం
భీమిలి వైపు ఒడ్డున ఏరిన ప్లాస్టిక్ గింజల్ని ఈరోజు వేరు చేశాం. పోల్చడానికి తెచ్చిన కొత్తవి సగ్గుబియ్యంలా తెల్లగా, నున్నగా ఉన్నాయి. ఒడ్డువి పసుపు తిరిగి వేలికి గరుగ్గా తగులుతున్నాయి. కొన్నిటి మీద తుప్పురంగు పూత. నాక్కావాల్సింది ఆ పూతే. 2012లో ప్లైమౌత్ పరిశోధకులు చూపించిందీ ఇదే: కొత్త గింజల కన్నా ఒడ్డున పాతబడ్డవే లోహాల్ని ఎక్కువగా పట్టుకుంటాయి. ఎండకు పైపొర ఆక్సీకరణ చెంది ఋణావేశం తెచ్చుకుంటుంది. దానిమీద బ్యాక్టీరియా జిగురు, ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు పేరుకుంటాయి. ఇక ధనావేశమున్న సీసం, రాగి ఊరుకుంటాయా!

జులై 5
నీటి శాంపిల్లో నైట్రిక్ యాసిడ్ ఎందుకేస్తామని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. పీహెచ్ 2 కన్నా కిందికి దించకపోతే సీసం ప్లాస్టిక్ సీసా గోడకు అంటుకుపోయి లెక్క తక్కువొస్తుందని చెప్పాను. "అయితే ఇది మనకి ముందే తెలుసు కదా మేడమ్! ఆ సీసా నలిగి ముక్కలైతే మైక్రోప్లాస్టిక్కే కదండీ" అంది. ఇన్నేళ్ల క్లాసుల్లో ఇంత సూటిగా అన్నవాళ్లు లేరు. యాసిడ్ తగిలితే ప్లాస్టిక్ లోహాన్ని వదిలేస్తుంది. చాలా చేపల కడుపులోనూ యాసిడే. అక్కడ ఎంత వదులుతుంది, అందులో ఎంత ఒంటికి పడుతుంది అన్నది మళ్లీ వేరే లెక్క.

జులై 9
ఏటి నీళ్లలో పీహెచ్ పెంచేకొద్దీ గింజల మీద సీసం, కాడ్మియం పట్టు బిగిసింది. హెక్సావలెంట్ క్రోమియం మాత్రం ఎదురు తిరిగింది. నీళ్లలో అది క్రోమేట్‌గా ఉంటుంది, దానిది ఋణావేశం మరి. ఉప్పునీళ్లలో కాడ్మియం క్లోరైడ్‌తో జతకట్టి నీటిలోనే ఉండిపోతుంది. ఏటి నీళ్ల ఫలితాన్ని తెచ్చి సముద్రానికి అంటగట్టడం కుదరదు.

జులై 14
పత్రిక నుంచి ఫోన్. 'విషాన్ని మోసే ప్లాస్టిక్' అని శీర్షికట. నదిలో లోహాల్ని మోసేది ప్రధానంగా బురదేనండీ అన్నాను. ఆయనకు రుచించలేదు. కాకపోతే బురద అడుక్కి దిగుతుంది. పాలిథీన్ తేలుతూ దూరం పోతుంది, మేత అనుకుని చేప మింగుతుంది. తేడా అక్కడుంది.

ఇంకో చిక్కు: ఎర్ర, పసుపు ముక్కల్లో కాడ్మియం, సీసం రంగులే ఉండొచ్చు. పాత పీవీసీలో సీసం తయారీలోనే కలిపేవారు. దొరికిన లోహం నీటిలో పట్టుకున్నదా, పుట్టుకతో వచ్చిందా తేలాలి. పైపైన యాసిడ్‌తో కడిగితే సరిపోదు, రంగు ముక్కల్ని విడిగా తూచి పూర్తిగా కరిగించాల్సిందే. అందుకు కావాల్సిన మైక్రోవేవ్ డైజెస్టర్ బుధవారం దాకా ఖాళీ లేదట.