కౌతాళం వంటింట్లో తుంగభద్ర చేప

ఆదోని నుండి వాయవ్యంగా కౌతాళం వెళ్లే దారి పొడవునా నల్లరేగడి నేలలే. పత్తి, మిరప, జొన్న చేలు కనుచూపు మేర పరచుకొని ఉంటాయి. దూరప్రాంతాల వారికి ఈ ఊరు ఖాదర్‌లింగ దర్గా వలన తెలుసు. ఉర్సుకు వచ్చే జనంలో ముస్లిములూ ఉంటారు, హిందువులూ ఉంటారు. అక్కాచెల్లెళ్లం ఇద్దరమూ ఈసారి వెళ్లింది మాత్రం రోగి పరామర్శకు. టైఫాయిడ్ తగ్గి పదిహేను రోజులు గడిచినా మా ఖాలా అన్నం ముట్టడం లేదని ఫోన్ వచ్చింది.

వాకిలి పక్కన నులకమంచం మీద ఆమెను చూడగానే మాకు మాట రాలేదు. ఒకప్పుడు పండుగనాడు నలభై మందికి ఒంటిచేత్తో వండి వార్చిన మనిషి, రెండు చెంచాల గంజి తాగి చాలంటున్నది. భాభీ కళ్లు తుడుచుకొని అన్నది, "మాంసం నమలలేదు ఆపా. పప్పంటే విసుగు. చేపంటే ప్రాణమే గానీ, పోయినేడు ముల్లు గొంతులో ఇరుక్కొని ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయినాం. అప్పటి నుండి చేపను చూస్తేనే భయం."

ఆ మాట విన్న తరువాత ఖాలాకు ముల్లు లేని చేప తినిపించి గాని తిరిగి వెళ్లకూడదని మేము నిశ్చయించుకున్నాము.

మండలానికి ఒక అంచున తుంగభద్ర పారుతుంది. అవతలి ఒడ్డు కర్ణాటక. నదిలో బెస్తవారు గుండ్రని పుట్టి మీద తిరుగుతూ వలలు వేస్తారు. ఏటి ఒడ్డు పల్లెల నుండి చేపలు సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద ఊళ్లకు చేరుతాయి. నదిలో నీరుంటేనే ఈ ముచ్చట. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట ఆనకట్ట 33 గేట్లలో 19వది కొట్టుకుపోయినప్పుడు పొలాలకు నీళ్లుండవేమోనని నిద్రపట్టలేదని భాయి చెప్పాడు. పారుతున్న వరదలోనే వారం రోజులలో ఆ ఖాళీకి ఉక్కు పలకలు దించి నీటిని ఆపగలిగారు.

మాకు కావలసినది కొరమీను. దానికి నడిమి ముల్లే తప్ప సన్నని ముళ్లు తక్కువ. తెలంగాణ దానిని రాష్ట్ర చేపగా ఎంచుకున్నది కూడా. ఆ ఉదయం వచ్చిన గంపలో మాత్రం రోహులే ఉన్నాయి. రోహు, బొచ్చె జాతి చేపలకు కండ లోపల వెంట్రుకల వంటి చీలికల ముళ్లు ఉంటాయి. ఖాలాను భయపెట్టినవి అవే. అయినా కళ్లు మెరుస్తున్న రెండు కిలోల రోహును తీసుకున్నాము.

మంచినీటి చేపకు ఒక్కొక్కసారి బురద వాసన ఉంటుంది. తొలకరి చినుకు పడ్డప్పుడు రేగడి నేల నుండి లేచే వాసన, ఈ బురద వాసన ఒకే పదార్థం వలన కలుగుతాయి. దాని పేరు జియోస్మిన్. నేలలోని, నీటిలోని సూక్ష్మజీవులు దానిని పుట్టిస్తాయి. పులుపు తగిలితే అది విరిగిపోతుంది. శాస్త్రం పేరు ఎరుగని మన అమ్మమ్మలు చేపను ఉప్పు, చింతపండుతో తోమి కడిగినది ఊరకే కాదు. మేమూ అట్లే కడిగి, అంగుళం మందాన ముక్కలు కోశాము.

తరువాత చేసిన పొరపాటు మాదే. మేకమాంసం వండినట్లు దేగ్చీలో వేసి పెద్దమంట పెట్టాము. నీళ్లు కుతకుతలాడుతుండగా వాకిలి నుండి ఖాలా గొంతు వినిపించింది. "గిన్నె అట్ల అరుస్తాందేమి? చేప ఉడకేస్తన్నారా, బట్టలు ఉడకేస్తన్నారా?"

మూత తీసి చూస్తే ముక్కలన్నీ చితికి, సన్నని ముళ్లు రసమంతటా తేలుతున్నాయి. రోగికి అంతకంటే అపాయమైన ఆహారం మరొకటి ఉండదు. దానిని వడగట్టి మేమే తాగాము. అదృష్టవశాత్తు సగం ముక్కలు ఇంకా పళ్లెంలోనే ఉన్నాయి.

ఈసారి ఖాలా మంచాన్ని వంటింటి గడప దగ్గరకు జరిపించుకున్నది. "నీళ్లు తెర్లకూడదు బేటీ, వణకాల. అంతే."

ఆమె చెప్పినట్లే వెడల్పాటి గిన్నెలో ముక్కలు మునిగేటన్ని నీళ్లు పోసి, ఉల్లిపాయ, అల్లం, నాలుగు మిరియాలు, కొత్తిమీర కాడలు, పసుపు, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు వేసి పది నిమిషాలు మరిగించాము. మంట బాగా తగ్గించి, బుడగలు అణగిన తరువాత ముక్కలను ఒక్కొక్కటిగా జార్చాము. మూత ఓరగా పెట్టాము. గరిటె పెట్టనివ్వలేదు ఖాలా.

మేక కండను పట్టి ఉంచే నారలు గట్టివి, అవి మెత్తబడడానికి గంట పడుతుంది. చేప కండ పొరలను కలిపే నార పలుచన, కొద్దిపాటి వేడికే కరుగుతుంది. అందువలన దానికి పెద్దమంట అక్కరలేదు. మంట ఎక్కువైతే కండ బిగుసుకొని తనలోని తడిని పిండేస్తుంది, తెల్లని తెట్టు పైకి తేలుతుంది. అట్లని పచ్చిగా దింపరాదు. మంచినీటి చేపలో పరాన్నజీవులు ఉండవచ్చు గనుక ముక్క నడిమి భాగం కూడా పూర్తిగా ఉడకాలి. ఎనిమిది పది నిమిషాలకు అద్దంలా ఉన్న కండ పాలలా తెల్లబడి, నడిమి ముల్లును విడిచిపెట్టింది. అదే గుర్తు.

ఇక ముళ్లు ఏరడం. చితకని ముక్క రేకులు రేకులుగా విడుతుంది. రేకుల నడుమ ముల్లు ఎక్కడున్నదో కంటికి కనబడుతుంది, వేలికి తగులుతుంది. ఇత్తడి పళ్లెంలో ఒక్కొక్క రేకును చూపుడు వేలితో, బొటనవేలితో నలిపి చూస్తూ ముగ్గురమూ ముప్పావు గంట కూర్చున్నాము. జుహర్ అజాన్ వినిపించే వేళకు ఇంత గుప్పెడు ముళ్లు పోగుపడ్డాయి. ఫాతిర్ సూరా పన్నెండవ వాక్యంలో తీయని నీరు, ఉప్పునీరు రెండింటి నుండీ మనుషులు తాజా మాంసం తింటారన్న ప్రస్తావన ఉన్నది. ఎన్నోసార్లు చదివిన వాక్యమే అయినా, ఆనాటి నమాజు తరువాత అది మాకు కొత్తగా జ్ఞాపకం వచ్చింది.

రసాన్ని పలుచని గుడ్డలో వడగట్టి, నిమ్మచెక్క పిండి, పొద్దున కాల్చిన జొన్నరొట్టెను తుంచి అందులో నానబెట్టాము. రొట్టెను రసంలో నానబెట్టి తినే సరీద్ మహాప్రవక్త (స) కు ఇష్టమైన ఆహారం. అది గోధుమో, యవలో, ఇది మన జొన్న. పైన చేప రేకులు పరిచి ఖాలా ముందు పెట్టాము.

ఆమె చాలాసేపు పళ్లెం వంక చూసింది. "బిస్మిల్లాహ్" అని ఒక ముద్ద తీసుకొని నాలుకతో నెమ్మదిగా వెదికింది. మేము ఊపిరి బిగబట్టాము. రెండవ ముద్ద, మూడవ ముద్ద. నాలుగవ దానికి ఆగి, నోట్లో నుండి వెంట్రుకంత ముల్లు ఒకటి తీసి పళ్లెం అంచున పెట్టింది. భాభీ ముఖం పాలిపోయింది.

"ముగ్గురు ఆడోళ్లు కూర్చోని ఏరినారు, ఒకటి వదిలినారే," అని ఖాలా నవ్వింది. తరువాత పళ్లెం ముందుకు జరిపి, "ఇంకో రొట్టెముక్క నానెయ్యి బేటీ, రసం మిగిలింది," అన్నది.